హాంకాంగ్ ‘కేటగిరీ త్రీ’ సినిమాలు: ఏది ముందు, ఏది తర్వాత, ఏది అసలు వద్దు

హాంకాంగ్ పెద్దల సినిమాల్లో ఏది చూడమంటారు అని అడిగితే ఎక్కువమంది “అన్నిటికంటే ఘోరంగా ఉండేది ఇదే, దమ్ముంటే చూడు” అని ఒక పేరు పడేసి పోతారు. ఆ మాట పట్టుకుని కూర్చున్నవాళ్లలో కొందరు అరగంటకే లేచిపోతారు, ఇంకొందరు “ఇందులో ఏముంది, అంతా రబ్బరు బొమ్మలేగా” అని నవ్వుకుంటారు. రెండూ సహజమే, ఎందుకంటే ‘కేటగిరీ త్రీ’ అనే ఒకే సెన్సార్ ముద్ర కింద నాలుగైదు రకాల సినిమాలు కలగాపులగంగా ఉన్నాయి. అందుకే ఎంత ఘోరం అని కాకుండా, ఈ సినిమాకు ఆ ముద్ర ఎందుకు పడింది, అందులో మీరు అస్సలు తట్టుకోలేనిది ఏది అని చూసి ఎంచుకోవాలి. కింద రాసినదంతా ఆ లెక్కలోనే రాశాను. పద్దెనిమిది దాటనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, సరదాకి చెప్పడం లేదు.

ముందు ఆ ముద్ర సంగతి. హాంకాంగ్‌లో 1988లో సినిమాలకు వయసును బట్టి మూడు తరగతులు పెట్టారు. మూడోది, అంటే కేటగిరీ త్రీ, పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకు మాత్రమే. మొదటి రెండూ సలహాలాంటివి, మూడోది మాత్రం చట్టం, పిల్లల్ని హాల్లోకి రానిస్తే థియేటర్‌వాళ్ల మీద కేసే. తర్వాత 1995లో రెండో తరగతిని మళ్లీ రెండుగా చీల్చారు కానీ మూడోదాన్ని కదిలించలేదు. ఈ పద్ధతి రావడంతో నిర్మాతలకు ఒక కొత్త తలుపు తెరుచుకుంది. “పెద్దలకు మాత్రమే” అని చెప్పేశాక ఇంక మొహమాటం దేనికి, తక్కువ బడ్జెట్‌లో రక్తమో, శృంగారమో, రెండూ కలిపో తీసి వదిలితే పెట్టుబడి వెనక్కి వస్తుంది. 90ల మొదటి సగంలో ఇవి వరదలా వచ్చాయి.

అయితే అదే ముద్ర వాంగ్ కార్ వై తీసిన ‘హ్యాపీ టుగెదర్’ మీద కూడా ఉంది. జానీ టో తీసిన ‘ఎలక్షన్’ మీద ఉంది, అదేమో ట్రయాడ్‌లు అనే హాంకాంగ్ నేర ముఠాల ఆచారాలు చూపించినందుకు. పాంగ్ హో చుంగ్ తీసిన ‘లవ్ ఇన్ ఎ పఫ్’ ఆఫీసు సందులో సిగరెట్లు కాల్చుకుంటూ ప్రేమలో పడే ఇద్దరి కథ, దానికీ అదే ముద్ర, కారణం బూతులు. కాబట్టి “కేటగిరీ త్రీ అట, భయంకరంగా ఉంటుందట” అనేది అర్థం లేని మాట. మన దగ్గర ‘ఎ’ సర్టిఫికెట్ చూసి సినిమా ఎలా ఉంటుందో చెప్పలేం కదా, అక్కడా అంతే.

ఈ నటులు, దర్శకులు మీకు బొత్తిగా కొత్తేం కాదు. ‘ఇప్ మ్యాన్’ చూసినవాళ్లకు అందులో ఊళ్లో అందరినీ కొట్టుకుంటూ వచ్చే ఉత్తరాది మొరటు మనిషి గుర్తుంటాడు, అతను ఫాన్ సియూ వాంగ్, ‘రికీ ఓ’ హీరో. అదే సినిమాలో నూలు మిల్లు నడిపే స్నేహితుడు సైమన్ యామ్, ఆయనే ‘డాక్టర్ లాంబ్’లో హంతకుడు. 2013లో వచ్చిన ‘ఇప్ మ్యాన్: ది ఫైనల్ ఫైట్’లో ముసలి ఇప్ మ్యాన్‌గా వేసింది ఆంథనీ వాంగ్, తీసింది హెర్మన్ యావ్. మనం ఎక్కువసేపు మాట్లాడుకోబోయేది ఈ ఇద్దరి గురించే.

మొదటిసారి చూసేవాళ్లకు: ‘రికీ ఓ’

ఇంకేం ఆలోచించకుండా దీనితో మొదలుపెట్టండి. 1991 సినిమా, దర్శకుడు లామ్ నాయ్ చోయ్, మూలం ఒక జపనీస్ మాంగా, అంటే బొమ్మల కథ. జైళ్లన్నీ ప్రైవేటువాళ్ల చేతుల్లోకి పోయిన రోజుల్లో, అంటే వాళ్ల లెక్కలో 2001లో, అమానుషమైన బలం ఉన్న ఒక కుర్రాడు జైలుకొస్తాడు, అడ్డొచ్చినవాడినల్లా పిడికిలితో చీల్చేస్తాడు. కథ అంతే, దాచడానికి ఏమీ లేదు.

రక్తం లెక్క చూస్తే ఈ జాబితాలో అన్నిటికంటే దీనిదే ఎక్కువేమో, కానీ కడుపులో తిప్పదు. ఎందుకంటే అంతా బొమ్మలకొలువు వ్యవహారం. తల పగిలితే అది తల కాదని మీకు తెలుస్తూనే ఉంటుంది. ఒకడు తన పేగుల్నే తాడుగా చేసి హీరో మెడకి బిగిస్తాడు, ఆ సీన్ చూసి భయపడినవాళ్లు నాకు ఇంతవరకు కనిపించలేదు, నవ్వి నవ్వి సోఫా మీంచి జారినవాళ్లున్నారు. జైలు అసిస్టెంట్ వార్డెన్‌కి ఒక కన్ను గాజుది, దాన్ని తీసి అందులో దాచుకున్న పిప్పర్‌మెంట్లు నోట్లో వేసుకుంటూ ఉంటాడు. ఆ పాత్ర వేసింది హీరోకి సొంత తండ్రి ఫాన్ మెయ్ షెంగ్. ఇది తెలిసి చూస్తే వాళ్లిద్దరి సీన్లు ఇంకో రకంగా ఉంటాయి.

నలుగురు స్నేహితులు కలిసి కూర్చుని చూడ్డానికి దీన్ని మించింది లేదు. ఒక్కరే, రాత్రిపూట, సీరియస్‌గా చూస్తే మాత్రం బోర్ కొడుతుంది. ఇంగ్లిష్ డబ్బింగ్‌లో చూసినా పర్వాలేదని నేను చెప్పే ఒకే ఒక్క సినిమా ఇది, ఆ డబ్బింగ్ ఎంత చెత్తగా ఉంటే అంత సరదా.

‘డాక్టర్ లాంబ్’ కావాలా, ‘ది అన్‌టోల్డ్ స్టోరీ’ కావాలా

అసలు పోటీ వీటి మధ్యే. రెండూ నిజంగా జరిగిన నేరాల మీద అల్లినవి, రెండింటిలోనూ డానీ లీ పోలీసు ఆఫీసర్‌గా ఉంటాడు, రెండింటిలోనూ సగం సినిమా పోలీస్ స్టేషన్లో ఇంటరాగేషన్. అయినా చూసి బయటికొచ్చాక మిగిలేది వేరువేరు.

‘డాక్టర్ లాంబ్’ 1992ది, డానీ లీ, బిల్లీ టాంగ్ కలిసి తీశారు. 80ల మొదట్లో హాంకాంగ్‌లో రాత్రిపూట ట్యాక్సీ నడుపుతూ నలుగురు స్త్రీలను చంపిన మనిషి కేసు దీనికి ఆధారం. శవాల ఫోటోలు తీసి వాటిని కడిగించడానికి స్టూడియోకి ఇచ్చాడు, అక్కడివాళ్లకు అనుమానమొచ్చి పోలీసులకు చెప్పారు, అలా దొరికాడు. సినిమాలో మన గుండెల మీద కూర్చునేది హత్యలకంటే ఆ ఇల్లు. అగ్గిపెట్టెలాంటి ఫ్లాట్, మంచాల మీద మంచాలు, ఇంటిల్లిపాదీ అక్కడే, వాడు చేసేదంతా ఆ గోడల మధ్యే. ఒకరి మీద ఒకరు పడి బతికే ఇంట్లో ఎవరూ ఎవరినీ చూడకపోవడం ఎలా సాధ్యమైందా అన్న ప్రశ్న సినిమా అయ్యాక కూడా వదలదు. బయట వాన, నీలం వెలుతురు, ట్యాక్సీ అద్దం మీద వైపర్, సైమన్ యామ్ ముఖంలో ఏ భావమూ లేకపోవడం. తీసిన తీరు చూస్తే రెండింట్లో ఇదే అందంగా ఉంటుంది, అందంగా అనే మాట ఇక్కడ వాడటం ఇబ్బందిగానే ఉంది కానీ వేరే మాట తోచట్లేదు.

‘ది అన్‌టోల్డ్ స్టోరీ’ 1993ది, హెర్మన్ యావ్ సినిమా. 1985లో హాంకాంగ్ పక్కనే ఉన్న మకావులో ఒక రెస్టారెంట్ యజమాని కుటుంబం, వాళ్ల దగ్గరివాళ్లు, మొత్తం పదిమంది మాయమయ్యారు, సముద్రం ఒడ్డుకి శరీర భాగాలు కొట్టుకొచ్చాయి, ఆ హోటల్‌ని తన చేతిలోకి తీసుకుని నడుపుతున్నవాడు పట్టుబడ్డాడు. చనిపోయినవాళ్ల మాంసాన్ని బన్నుల్లో పెట్టి అమ్మాడన్నది ఊళ్లో పుట్టిన పుకారు, రుజువైంది కాదు. సినిమా మాత్రం ఆ పుకారు మీదే నడుస్తుంది, చైనీస్ పేరులోనే ఆ బన్నులున్నాయి.

ఇందులో మీకు మొదట ఎదురయ్యే చిక్కు ఏంటంటే సగం సినిమా కామెడీ. డానీ లీ ప్రతిసారీ ఒక కొత్త అమ్మాయిని చంకన వేసుకుని స్టేషన్‌కి వస్తాడు, కింది ఉద్యోగులు నోరు తెరిచి చూస్తుంటారు, టీమ్‌లో ఉన్న ఒక్కగానొక్క మహిళా ఆఫీసర్ మీద మొరటు జోకులు. పక్క సీన్లో మనిషిని నరుకుతుంటారు. మన పాత సినిమాల్లో హీరో చెల్లెలు ఆస్పత్రిలో ఉండగా కథతో సంబంధం లేని కామెడీ ట్రాక్ ఊడిపడుతుంది చూడండి, అలాంటి అతుకే, కాబట్టి తెలుగు ప్రేక్షకుడు దీనికి ఇంగ్లిష్ సినిమాలవాళ్లకంటే తొందరగా అలవాటు పడతాడు. కానీ హెర్మన్ యావ్ ఆ నవ్వుని ఊరికే పెట్టలేదని నా అభిప్రాయం. నిందితుడు దొరికాక అదే నవ్వించిన పోలీసులు వాడిని చావగొడతారు, చనిపోయిన యజమాని తమ్ముడున్న జైలు గదిలోకే తోసేస్తారు, నిద్రపోనివ్వకుండా చేస్తారు. అక్కడ మీకు హంతకుడి మీద జాలి కలుగుతుంది, ఆ తర్వాత పది నిమిషాలకే వాడు నేరం ఒప్పుకుంటూ ఏం చేశాడో చూపిస్తారు, అప్పుడా జాలి మీ గొంతులోనే అడ్డుపడుతుంది. ఇలా ప్రేక్షకుడి చెంప రెండువైపులా వాయించడం ఈ తరహా సినిమాల్లో ఇంకెవరి వల్లా కాలేదు.

ఆంథనీ వాంగ్ గురించి వేరే చెప్పాలి. లావు కళ్లద్దాలు, చేతిలో వెడల్పాటి కత్తి, మాజాంగ్ ఆటలో ఓడితే ముఖం మారే తీరు. ఎక్కడా అరిచి భయపెట్టడు, చిన్న అవమానం జరిగితే ఒక క్షణం ఆగుతాడు, ఆ ఆగడమే భయం. ఈ పాత్రకు 1994లో హాంకాంగ్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ నటుడు ఆయనే. ఇలాంటి సినిమాకి అలాంటి అవార్డు రావడం అప్పట్లో చిన్న సంగతి కాదు. తర్వాత అదే అవార్డు ఇంకో రెండుసార్లు తీసుకున్నాడు.

ఎవరికి ఏది? వాతావరణం, మూడ్, పోలీసు దర్యాప్తు ఇష్టపడేవాళ్లు ‘డాక్టర్ లాంబ్’ చూడండి. నటన కోసం, ఆ జానర్‌లో ఒక్క సినిమానే చూస్తాను అనుకునేవాళ్లు ‘ది అన్‌టోల్డ్ స్టోరీ’ చూడండి. కానీ ఒక ముఖ్యమైన హెచ్చరిక: దాని చివర్లో ఒక కుటుంబాన్ని, పిల్లలతో సహా, చంపే సుదీర్ఘమైన సీన్ ఉంది. కెమెరా పక్కకి తిరగదు. ఇంట్లో చిన్న పిల్లలున్నవాళ్లు, ఆ విషయంలో గుండె గట్టిది కానివాళ్లు ‘డాక్టర్ లాంబ్’తో సరిపెట్టుకోండి, దీన్ని వదిలేస్తే మీ సినిమా జ్ఞానానికి వచ్చే లోటేమీ లేదు. రెండింట్లోనూ స్త్రీల మీద లైంగిక హింస ఉంది, అది కూడా ముందే తెలుసుకుని కూర్చోవాలి.

‘ఎబోలా సిండ్రోమ్’ ఎక్కడ పెట్టాలి

1996లో మళ్లీ అదే దర్శకుడు, అదే నటుడు, నిర్మాత వాంగ్ జింగ్. 1995లో జైర్ (ఇప్పటి కాంగో)లోని కిక్విట్‌లో ఎబోలా వచ్చి ప్రపంచమంతా వణికింది, మరుసటి ఏడాదే వీళ్లు సినిమా దింపేశారు, వార్త వేడిగా ఉండగానే వడ్డించడమన్నమాట. హాంకాంగ్‌లో హత్యలు చేసి దక్షిణాఫ్రికాకి పారిపోయిన వంటవాడికి అక్కడ వైరస్ సోకుతుంది, వాడు చావడు, వాడి చుట్టూ ఉన్నవాళ్లు చస్తారు. మళ్లీ డబ్బుతో హాంకాంగ్‌కి తిరిగొస్తాడు.

‘ది అన్‌టోల్డ్ స్టోరీ’ నచ్చినవాళ్లందరికీ ఇది నచ్చుతుందని చాలామంది చెప్తారు, నేను ఒప్పుకోను. అందులో ఆంథనీ వాంగ్ లోపల ఏదో దాచుకున్న మనిషి, ఇందులో ఏదీ దాచుకోని మనిషి, నోరు తెరిస్తే బూతు, కనిపించినదాని మీదల్లా ఉమ్మేయడం. ఇది బ్లాక్ కామెడీ, అదీ మురికి కామెడీ. దర్శకుడు ఈసారి మనల్ని బాధపెట్టాలని చూడట్లేదు, ఎంతవరకు భరిస్తావో చూద్దాం అని పందెం కాస్తున్నాడు. నిజంగా జరిగిన కేసు బరువు లేకపోవడంతో చూడ్డానికి ఒకరకంగా తేలిక, కానీ ఆఫ్రికన్లను చూపించిన పద్ధతి పచ్చి జాతి వివక్ష, అది ఆ రోజుల్లో అలాగే ఉండేదిలే అని సరిపెట్టుకోగలిగేది కాదు. జంతువుల్ని నిజంగా చంపే దృశ్యాలు కూడా ఉన్నాయి, కప్పలు, కోళ్లు. వాటిని చూడలేనివాళ్లు దీని జోలికి పోవద్దు.

కరోనా తర్వాత దీన్ని చూస్తే వైరస్ పాకే సీన్లు వేరేగా తగులుతాయి, అది మాత్రం నిజం. ముందు ‘ది అన్‌టోల్డ్ స్టోరీ’, ఓపిక ఉంటే తర్వాత ఇది, అదే వరస. ఇది చూసి అది చూస్తే దాని దెబ్బ తగ్గిపోతుంది.

హెర్మన్ యావ్‌ని ఈ రెండు సినిమాలతో కొలిచి చౌకబారు దర్శకుడని తీసిపారేయకండి. కెమెరామన్‌గా పని చేసినవాడు, లింగ్నాన్ యూనివర్సిటీలో కల్చరల్ స్టడీస్‌లో పీహెచ్‌డీ చేసినవాడు, తర్వాత ఆండీ లావ్‌తో ‘షాక్ వేవ్’ లాంటి భారీ కమర్షియల్ సినిమాలు తీసినవాడు. 2017లో ఆంథనీ వాంగ్‌తో మళ్లీ ‘ది స్లీప్ కర్స్’ అని ఒకటి తీశాడు, పాత అభిమానులకు తప్ప అంత అవసరం లేదు.

రక్తం తక్కువ, టెన్షన్ ఎక్కువ కావాలంటే

‘ఇంట్రూడర్’, 1997. ఇది ఎందుకో పెద్దగా ఎవరూ చెప్పరు, నన్నడిగితే ఈ మొత్తం పోగులో సినిమాగా గట్టిగా నిలబడే రెండుమూడింట్లో ఇదొకటి. జానీ టో నిర్మాణం, దర్శకుడు త్సాంగ్ కాన్ చుంగ్, ఈయన స్టీఫెన్ చౌ ‘షావోలిన్ సాకర్’, ‘కుంగ్‌ఫూ హస్సిల్’ రచయితల్లో ఒకడు, ఆ నవ్వించిన చెయ్యే ఇది రాసిందంటే నమ్మడం కష్టం. చైనా నుంచి వేరొకరి కాగితాలతో హాంకాంగ్‌లోకి దిగిన ఒక స్త్రీ, ఎవరూ లేని ఒంటరి ట్యాక్సీ డ్రైవర్ కోసం వెతుకుతుంది, దొరికాక వాడి ఇంట్లోనే వాడిని బంధిస్తుంది. ఎందుకు అన్నది చివరిదాకా దాచారు కాబట్టి నేనూ చెప్పను. ‘ఎ మొమెంట్ ఆఫ్ రొమాన్స్’లో అమాయకమైన ప్రేమికురాలిగా వేసిన వూ చియెన్ లియెన్‌ని ఇందులో పెట్టడమే సగం భయం. రాత్రి, వాన, ఒకే ఇల్లు, తక్కువ మాటలు. 1997 అంటే హాంకాంగ్‌ని చైనాకి అప్పగించిన ఏడాది, సరిహద్దు అవతలి నుంచి వచ్చినవాళ్లు మన ఇల్లు, మన పేరు లాక్కుంటారేమోనన్న ఆనాటి భయం ఇందులో చాలా సూటిగా కనిపిస్తుంది, ఆ భయంలో ఉన్న అన్యాయం కూడా.

‘రన్ అండ్ కిల్’ (1993) దీనికి పక్కన పెట్టి చూడదగ్గది, బిల్లీ టాంగ్ దర్శకుడు. గ్యాస్ సిలిండర్ల షాపు నడుపుకునే లావుపాటి అమాయకుడు, పెళ్లాం మోసం చేసిందని తాగి, మైకంలో ఎవరితోనో ఆవిడని చంపేయాలి అంటాడు. పొద్దున లేచేసరికి ఆ మాటని నిజంగా పట్టుకున్నవాళ్లు తయారు. కెంట్ చెంగ్ నటన చూసి తీరాలి, చేయని తప్పుకి మనిషి ఎలా కుంగిపోతాడో ఆ ముఖంలో కనిపిస్తుంది. మొదటి గంట అచ్చం థ్రిల్లర్. చివరి అరగంటలో సైమన్ యామ్ వచ్చాక సినిమా ఎంత చీకట్లోకి వెళ్తుందంటే, మళ్లీ పిల్లల విషయమే, ‘ది అన్‌టోల్డ్ స్టోరీ’ తట్టుకోలేమనుకున్నవాళ్లు దీన్నీ దాటేయండి. అలాంటివాళ్లకి ‘ఇంట్రూడర్’ కూడా పూర్తిగా సేఫ్ అని చెప్పను కానీ దాని బరువు వేరు.

శృంగారం వైపు

దీని మీద ఎక్కువ చెప్పను. ‘సెక్స్ అండ్ జెన్’ (1991) చాలామంది అనుకునేదానికంటే మంచి సినిమా. మైకేల్ మాక్ దర్శకుడు, పదిహేడో శతాబ్దపు రచయిత లీ యూ పేరు మీదున్న నవల ఆధారం, చక్కని సెట్లు, బట్టలు, నిజంగా నవ్వొచ్చే జోకులు, చివర్లో చేసిన పాపం అనుభవించాల్సిందేనన్న బౌద్ధ నీతి. శస్త్రచికిత్స సీన్ ఒకటుంది, గుర్రం పాత్ర ఏంటో మీరే చూసుకోండి. దాని పేరు వాడుకుని 2011లో త్రీడీలో వచ్చినదానికి వసూళ్లు బాగా వచ్చాయి, సినిమా మాత్రం దీని కాలిగోటికి సరిపోదు, హాస్యం పోయి హింస మిగిలింది.

‘నేకెడ్ కిల్లర్’ (1992) చూస్తే ఫ్యాషన్ మ్యాగజైన్ తిరగేసినట్టుంటుంది. చింగ్మీ యావ్ హంతకురాలు, సైమన్ యామ్ తుపాకీ పట్టుకుంటే వాంతి చేసుకునే పోలీసు, పొరపాటున తోడబుట్టినవాడినే కాల్చేశాడు కాబట్టి. కథలో తలాతోకా లేదు, రంగులున్నాయి. పేరు చూసి ఏదేదో ఊహించుకుని వెళ్లినవాళ్లు నిరాశపడతారు, అందుకే ఈ రకం సినిమాలు కొత్తగా చూసే జంటలకి నేను దీన్నే చెప్తాను. ‘ఎ చైనీస్ టార్చర్ చాంబర్ స్టోరీ’ (1994) చైనాని ఏలిన చింగ్ రాజుల చివరి రోజుల్లో జరిగిన ఒక పేరుమోసిన తప్పుడు కేసు మీద తీసిన చిత్రహింసల కామెడీ, కోర్టు డ్రామా, బూతు, మార్షల్ ఆర్ట్స్ పేరడీ, అన్నీ ఒకే కుండలో. ఒకసారికి చాలు.

ఈ చెత్తంతా వద్దు, మంచి సినిమా ఒకటి చెప్పండి అంటే

2000 తర్వాతివి చూడండి. వీటిలో ముద్ర అదే, పద్ధతి మారింది.

‘డంప్లింగ్స్’ 2004లో ఫ్రూట్ చాన్ తీశాడు. వయసు మీద పడుతున్న ఒక మాజీ నటి, భర్త మళ్లీ తనవైపు చూడాలని, ఒక ఇరుకు గవర్నమెంట్ క్వార్టర్స్‌లో డంప్లింగ్స్ (లోపల కూర పెట్టి ఉడికించే పిండి వంటకం) అమ్మే ‘అత్త’ దగ్గరికి వెళ్తుంది. లోపల పెట్టే కూర ఏంటో మొదటి పదిహేను నిమిషాల్లోనే అర్థమవుతుంది, దాచరు. ఇందులో భయపెట్టేది శబ్దం. కత్తితో సన్నగా తరిగే చప్పుడు, తర్వాత పంటి కింద ‘కరకర’. ఆవిడ మొదటిసారి కళ్లు మూసుకుని నమిలేటప్పుడు రక్తం చుక్క కనపడదు, అయినా ఇంతకుముందు చెప్పిన సినిమాలన్నిట్లో లేని అసహ్యం ఆ ఒక్క నమలడంలో ఉంది. క్రిస్టఫర్ డాయిల్ కెమెరా వల్ల ఆ పాచిపట్టిన వంటగది కూడా మెరుస్తుంది. అత్తగా వేసిన బాయ్ లింగ్‌కి హాంకాంగ్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ సహాయ నటి బహుమతి వచ్చింది. దీనికి పొట్టి వెర్షన్ ఒకటి ‘త్రీ... ఎక్స్‌ట్రీమ్స్’ అనే మూడు కథల సినిమాలో ఉంది, ముగింపు కూడా వేరు. పూర్తి నిడివిదే చూడండి, పొట్టిదానిలో ఆవిడ దిగజారడం మరీ తొందరగా అయిపోతుంది. గర్భిణులు, ఈమధ్య గర్భం పోయినవాళ్లు దయచేసి దూరంగా ఉండండి.

‘డ్రీమ్ హోమ్’ (2010) మళ్లీ పాంగ్ హో చుంగ్‌దే. సముద్రం కనిపించే ఫ్లాట్ కొనాలని చిన్నప్పటినుంచీ కల, బ్యాంకు తరఫున ఫోన్లు చేసి లోన్లు అంటగట్టే ఉద్యోగం, ఎంత కూడబెట్టినా రేటు ఇంకో మెట్టు పైకి. చివరికి ఆ బిల్డింగ్ విలువ తగ్గించడానికి ఆమె ఎంచుకునే దారి ఏంటో పోస్టర్ చూస్తేనే తెలుస్తుంది. ఈఎంఐ కడుతున్నవాళ్లకి ఈ సినిమాలో హంతకురాలి బాధ అర్థం కావడమే అసలు ఇబ్బంది. జోసీ హో హీరోయిన్, నిర్మాణంలోనూ ఆమె చెయ్యి ఉంది, మకావు క్యాసినోల రారాజు స్టాన్లీ హో కూతురు ఆమె, అంటే నిజజీవితంలో ఆ బిల్డింగ్ మొత్తం కొనేయగల ఇంటి పిల్ల. ఇందులో హత్యలు పాత రోజుల్లో లాగే కటువుగా ఉంటాయి, గర్భిణి మీద ఒకటి ఉంది, అది మితిమీరిందని నా ఉద్దేశం. రెండింట్లో ఒకటే అంటే ‘డంప్లింగ్స్’. యాక్షన్, వేగం, వెటకారం కావాలంటే ‘డ్రీమ్ హోమ్’.

నిజ నేరాల కథలంటే ఇష్టం కానీ 90ల మొరటుతనం పడదు అనేవాళ్లకి ‘పోర్ట్ ఆఫ్ కాల్’ ఉంది, 2015, ఫిలిప్ యంగ్ దర్శకుడు, 2008లో జరిగిన ఒక హత్య ఆధారం, దీనికీ డాయిల్ కెమెరానే. ఎవరు చంపారన్నది మొదట్లోనే తెలుస్తుంది, చనిపోయిన అమ్మాయి ఎవరు, ఎలా బతికింది అన్నదాని మీదే సినిమా అంతా. ‘డాక్టర్ లాంబ్’లో చనిపోయిన స్త్రీల పేర్లు మీకు గుర్తుండవు, ఇందులో ఆ అమ్మాయి తప్ప ఇంకెవరూ గుర్తుండరు. ఈ రెండింటినీ వరసగా చూడటం ఈ మొత్తం వ్యాసంలో నేనిచ్చే సలహాల్లో బెస్ట్ అని నా నమ్మకం. నెమ్మదిగా సాగుతుంది, ఓపిక పట్టండి.

నేనైతే చెప్పనివి

‘రెడ్ టు కిల్’ (1994). బిల్లీ టాంగ్ పనితనం గురించి మాట్లాడేవాళ్లు దీని వెలుతురు, రంగులు గొప్పవంటారు, నిజమే కావచ్చు, కానీ మానసిక ఎదుగుదల లేని ఆడపిల్ల మీద అత్యాచారాన్ని అంత ఇష్టంగా లైటింగ్ చేసి తీయడం నాకు మింగుడుపడలేదు. ‘డాటర్ ఆఫ్ డార్క్‌నెస్’ (1993) కూడా ఆ బాపతే, ఆంథనీ వాంగ్ అందులో చేసిన కామెడీ మరీ ఇబ్బంది. 1999లో జరిగిన ఒక దారుణ హత్య మీద 2001లో ఒకేసారి రెండు సినిమాలు వచ్చాయి, చనిపోయిన మనిషి మీద ఇసుమంత గౌరవం కూడా లేకుండా, పేర్లు చెప్పడం కూడా దండగ.

‘మెన్ బిహైండ్ ద సన్’ (1988) పేరు ఈ జాబితాల్లో ఎప్పుడూ పైన ఉంటుంది. మొదటి సంగతి, అది హాంకాంగ్‌వాళ్లు మాట్లాడే కాంటోనీస్‌లో కాదు, మాండరిన్‌లో తీసిన సినిమా. జపాన్ సైన్యం 731వ యూనిట్ ఈశాన్య చైనాలోని మంచూరియాలో మనుషుల మీద చేసిన ప్రయోగాల కథ. చరిత్ర తెలియాలన్న ఉద్దేశం దర్శకుడికి ఉందని నమ్ముతాను, కానీ ఒక నిజమైన బాలుడి శవపరీక్ష దృశ్యాన్ని సినిమాలో వాడారు, జంతువుల సీన్లు వేరే. ఆ చరిత్ర తెలుసుకోవాలంటే పుస్తకాలున్నాయి.

కొనేముందు, పెట్టేముందు

తెలుగు డబ్బింగ్, తెలుగు సబ్‌టైటిల్స్ మీద ఆశ పెట్టుకోకండి, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో కాంటోనీస్ ట్రాక్ చూడటమే దారి. పాత ప్రింట్లలో చైనీస్, ఇంగ్లిష్ రెండూ బొమ్మ మీదే అచ్చయి ఉంటాయి, ఆ ఇంగ్లిష్ చదివితే ఏడుపు సీన్లో కూడా నవ్వొస్తుంది, వీలైతే కొత్తగా అనువదించిన డిస్క్ తీసుకోండి. ‘ఎబోలా సిండ్రోమ్’ని అమెరికాలో వినెగర్ సిండ్రోమ్‌వాళ్లు, ‘ది అన్‌టోల్డ్ స్టోరీ’ని అన్‌ఎర్త్‌డ్ ఫిల్మ్స్‌వాళ్లు మంచి ప్రింట్లతో వేశారు.

కట్ చేసిన వెర్షన్లు బోలెడు తిరుగుతుంటాయి కాబట్టి నిడివి చూసుకోండి. పాత యూరప్ డీవీడీ అయితే నాలుగు శాతం వేగంగా ఆడుతుంది, అంటే 96 నిమిషాల సినిమా 92లో అయిపోతుంది, అది కోత కాదు, కంగారుపడి వాపస్ చేయకండి. అంతకంటే ఎక్కువ తేడా ఉంటే మాత్రం ఏదో కోశారనే అర్థం. ఇంకోటి, ఇంట్లో అందరూ వాడే స్ట్రీమింగ్ అకౌంట్‌లో ఇవి చూస్తే, మర్నాడు మీ అమ్మగారు టీవీ పెట్టేసరికి ‘మీకోసం’ అన్న వరసలో ఏం కనిపిస్తుందో ఒకసారి ఆలోచించుకుని, ప్రొఫైల్ వేరేది పెట్టుకుని, దానికి పిన్ పెట్టుకుని చూడండి.